పార్కు వీధి గాయని

స్త్రీ కంఠం ఎట్లా ఉండాలన్న విషయంలో మన దేశంలో చాలాకాలం ఒక నిశ్చితాభిప్రాయం ఉండినది. అది సన్నగా, పైస్థాయిలో, కోకిలను తలపించాలి. లతా మంగేష్కర్ గొంతు దేశమంతటా మారుమ్రోగిన తరువాత ఈ అభిప్రాయం దాదాపు శాసనమైపోయినది. అట్టి రోజులలో, మగవాని గొంతేమోనని భ్రమ కలిగించే మంద్రకంఠంతో ఒక యువతి పాటనే జీవనోపాధిగా ఎంచుకొన్నదంటే అది సాహసమే. ఆమె ఉషా ఉతుప్.

ఆమె 1947లో బొంబాయిలో, ఒక తమిళ కుటుంబంలో జన్మించినది. తండ్రి పోలీసు అధికారి. బడిలో, గొంతు పనికిరాదని ఆమెను సంగీతపు తరగతి నుండి తప్పించినారు. శాస్త్రీయ శిక్షణ ఏదీ లేదు. ఇంట్లో రేడియో ఉన్నది, వినే చెవి ఉన్నది. 1969లో మద్రాసు మౌంటురోడ్డున, సఫైర్ సినిమాహాలు భవనంలోని నైన్ జెమ్స్ అనే నైట్‌క్లబ్బులో ఆమె వృత్తిజీవితం మొదలైనది. నైట్‌క్లబ్బు గాయని అనగానే మన మనస్సులో మెదిలే వేషమొకటి ఉన్నది కదా. ఆ వేషం ఆమె వేయలేదు. ఇంటి ఆడవారు కట్టేది చీర, ఆమె కట్టినదీ చీర. ఇందులో వ్యూహమేమీ లేదనే నా నమ్మకం. అయితే ఆ చీర చేసిన పని చిన్నది కాదు. గ్లాసుల గలగలల మధ్య కూర్చున్న పెద్దమనిషి ఆమెను చూచి కాస్త సర్దుకొని కూర్చోవలసి వచ్చేది. మరునాడు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని రావడానికీ వెనుదీయనక్కరలేదు.

ఆ కాలంలోనే ఆమె కలకత్తా వచ్చి, పార్కు వీధిలోని ట్రింకాస్‌లో పాడ నారంభించినది. స్విస్ దేశీయుల తేనీటిశాలగా పుట్టిన ట్రింకాస్ 1959లో చేతులు మారి, పాటకచేరీలకు పేరు మోసిన భోజనశాల అయినది. ఆ వీధిలోనే మొకాంబోలో పామ్ క్రెయిన్ అంతకుముందే జాజ్ పాటలతో ప్రసిద్ధి గాంచినది. ఆంగ్లో ఇండియన్లు, గోవా వారు వాద్యాలు వాయించేవారు. తేయాకు, జనుము కంపెనీల అధికారులు వినేవారు. అదే సమయంలో నగరంలో తూర్పు బెంగాలు శరణార్థుల కాలనీలు, మూతపడుతున్న కర్మాగారాలు, 1967లో నక్సల్‌బరిలో రేగిన నిప్పు! పార్కు వీధి దీపాలను చూచి కడుపు మండినవానిని నేను తప్పు పట్టలేను. తరువాత పదేండ్లలో పాటకచేరీలపై పడిన వినోదపు పన్ను, విద్యుత్తు కోతలు, కంపెనీల వలస ఆ దీపాలలో చాలావాటిని ఆర్పివేసినవి.

ట్రింకాస్‌లోనే ఆమెకు కేరళీయుడైన జానీ చాకో ఉతుప్‌తో పరిచయమైనది. ఆయనే తరువాత భర్త అయినారు. 2024లో ఆయన మరణించినారు.

నా మట్టుకు నేను ఆమె పాటను మొదట విన్నది పార్కు వీధిలో కాదు. అక్కడ ఒక పూట భోజనానికయ్యే ఖర్చు మా ఇంటికి కొన్నాళ్ల బజారు. దుర్గాపూజ పందిటికి కట్టిన లౌడ్‌స్పీకరులో విన్నాను. 1980లో 'ప్యారా దుష్మన్', మరుసటి సంవత్సరం 'అర్మాన్' చిత్రాలకు బప్పీ లాహిరి స్వరపరచిన పాటలను ఆమె పాడినది. మా సందులోని రిక్షావారు, ఢాకీలు, చేపలమ్మే స్త్రీ అందరూ వాటికి తలలూపేవారు. ఉదయం రవీంద్రసంగీతం, సాయంకాలం ఉషా ఉతుప్. రెండూ ఆ ఒక్క స్పీకరులోనివే. ఒకదానివల్ల మరొకటి మైలపడినదని ఆ సందులో ఎవరూ అనుకోలేదు.

అనుకొన్నది ప్రభుత్వం. 1983లో వామపక్ష మంత్రివర్గంలో ప్రజాపనులశాఖ చూచిన జతిన్ చక్రవర్తి ఆమె పాట 'అపసంస్కృతి' అన్నారు. ప్రభుత్వ సభాగృహాలలో ఆమె పాడరాదన్నారు. ఆమె న్యాయస్థానానికి వెళ్లి గెలిచినది. 1938లో జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ నగరంలో నాజీలు 'భ్రష్ట సంగీతం' అన్న పేరిట ప్రదర్శనే పెట్టి, జాజ్‌నూ యూదు స్వరకర్తలనూ నిందించినారు. మన మంత్రిని వారి సరసన నిలబెట్టడం అన్యాయం. ఇక్కడ న్యాయస్థానపు తలుపు తెరచి ఉన్నది. ఆయన భయం కూడా బూటకం కాదు. పెట్టుబడి గల పరదేశపు సరుకు మన పల్లెపాటను మింగివేస్తుందన్న ఆందోళనలో నిజం లేకపోలేదు. కాని 'అప' అన్న ఉపసర్గ చాలా చవుక. దానిని తగిలించేవాడు పాట వినవలసిన శ్రమ తప్పించుకొంటాడు. విని ఉంటే, పరదేశపు లయకు మన ఉచ్చారణ తోడై, ఒక మధ్యతరగతి స్త్రీ రెక్కల కష్టంగా మారిన సంగతి ఆయనకు తెలిసేదే. పైగా, దొరతనపు సంస్కృతి అని ఎవరిని ఏవగించుకొన్నారో, ఆ దొరలలో అనేకులు అప్పటికే ఊరు విడిచిపోయినారు. ఆమె మాత్రం ఇక్కడనే ఉన్నది.

ఆమెకు 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ లభించినవి. ఆ నడుమ '7 ఖూన్ మాఫ్' చిత్రంలో రేఖా భరద్వాజ్‌తో కలసి పాడిన పాటకు ఫిలింఫేర్ బహుమానం వచ్చినది. అరవై దాటిన వయస్సులో, ఒకనాడు బడిలో వద్దన్న ఆ కంఠానికి! ఆ పాటను నేను అంతగా మెచ్చను. అందులో కంఠం కంటె సందడి ఎక్కువ. కాని ఆమె వేదిక ఎక్కినప్పుడు చూడాలి. కంచిపట్టు చీర, తలలో పూలు, చేతినిండా గాజులు, మైకు దగ్గరికి రాకముందే సభ ఆమె వశం.

ఆమె నొసటి పెద్ద బొట్టులో బెంగాలీ లిపిలోని 'క' అక్షరం ఉంటుంది. అది కలకత్తాకు మొదటి అక్షరమట. ఈ ఊరిలో పుట్టినవారెవరూ అట్టి బొట్టు పెట్టుకొనగా నేను చూడలేదు.