సర్వపిండికి దూరపు చుట్టం

సాయంత్రం పూట హైదరాబాద్ ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టి బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటుకుంటూ తుర్కయంజాల్ దాకా వస్తే మిర్చి బండ్లకూ పునుగుల బండ్లకూ పోటీగా బర్గర్ బోర్డులు వెలుగుతూ ఉంటాయి. బోర్డులు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. నూనెలో వేయించిన ఆలూ టిక్కీనో చికెన్ బిళ్లనో పొడిబారిన గుండ్రటి బన్నులో పెట్టి, ఆ పొడితనం నాలుకకు తెలియకుండా మయోనైజ్ దట్టంగా పూసి ఇస్తారు. ఇంట్లో పిల్లలకు మినీ బర్గర్లు చేద్దామని బయల్దేరినవాళ్లు కూడా ఎక్కువగా ఇదే వరసను చిన్న బన్నులోకి దించుతారు. పెద్ద ఫ్యాంటును కత్తిరించి నిక్కరు కుట్టినట్టు ఉంటుంది ఆ పని. అసలు మినీ బర్గర్ అలా పుట్టలేదు. దాని ప్రాణమంతా ఉల్లిగడ్డల ఆవిరిలో ఉంది. మాంసం, సాసు, జున్ను అన్నీ ఆ తర్వాతే. ఈ కిటుకు పట్టుబడితే ఇంటి పొయ్యికి ఇంతకన్నా అనువైన ఫాస్ట్‌ఫుడ్ మరొకటి లేదని నా వాదన. పైగా ఆ కిటుకు తెలంగాణ వంటింటికి కొత్తదేమీ కాదు.

ముందు అది పుట్టిన చోటికి వెళ్దాం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం విచిటా పట్నంలో వాల్టర్ ఆండర్సన్ అనే వంటవాడు 1916లో చిన్న బర్గర్ కొట్టు పెట్టాడు. 1921లో బిల్లీ ఇంగ్రామ్ అనే వ్యాపారి తోడై ఇద్దరూ కలిసి ‘వైట్ క్యాజిల్’ తెరిచారు. బర్గర్ వెల ఐదు సెంట్లు. చౌక సంగతి అలా ఉంచితే, వాళ్లకు ఎదురైన అసలు చిక్కు జనంలోని అనుమానం. 1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన ‘ది జంగిల్’ నవల షికాగో కబేళాల లోపలి కంపును దేశమంతటికీ చూపించింది. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం మాంసం తనిఖీకి చట్టం చేసినా కీమా మీద నమ్మకం మాత్రం వెంటనే కుదరలేదు. ముక్కను కంటితో చూసి కొనుక్కోవచ్చు, కీమాలో ఏం కలిసిందో ఎవరు చెప్పాలి? ఇంగ్రామ్ ఆ అనుమానానికే జవాబుగా దుకాణం కట్టాడు. పేరులో తెలుపు, గోడలకు తెలుపు, లోపల తళతళలాడే లోహం, వండేవాడు తినేవాడి కళ్లెదుటే. చిన్న బర్గర్ అనేది మొదట్లో రుచి కన్నా ముందు నమ్మకాన్ని అమ్మింది. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్లీ తుర్కయంజాల్‌లో అవసరం పడుతుంది.

ఇక వంట. వేడి పెనం మీద సన్నటి ఉల్లి తరుగు పరిచి నీళ్లు చల్లుతారు. దాని మీద రెండున్నర అంగుళాల చదరపు మాంసం బిళ్లలు, పల్చనివి, వరసగా పేరుస్తారు. బిళ్ల మీద బన్ను కూర్చుంటుంది. కింద ఉల్లిగడ్డ ఉడికి విడిచే ఆవిరి మాంసాన్ని ఉడికించి, దాని వాసనా రసమూ మోసుకుంటూ పైకెక్కి బన్నులోకి ఇంకుతుంది. 1950లలో ఆ బిళ్లకు ఐదు రంధ్రాలు పెట్టడం మొదలైంది. దాంతో ఆవిరికి దారి దొరికి బిళ్లను తిరగేసే పనే పోయింది. ఒక గ్రాము మరిగే నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఒక్క క్యాలరీ వేడి ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి తిరిగి నీరైతే సుమారు 540 క్యాలరీలు వదులుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో బన్ను దూదిలా మెత్తబడేది ఆ లెక్కవల్లనే. అమెరికా వాళ్లు దీన్ని స్లైడర్ అంటారు.

ఇప్పుడు సర్వపిండిని తలుచుకోండి. కొన్ని చోట్ల గిన్నప్ప అంటారు, ఇంకొన్ని చోట్ల తపాలచెక్క. బియ్యప్పిండిలో ఉల్లిగడ్డ, నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి సర్వ అనే గిన్నె అడుగున పల్చగా ఒత్తుతారు. ఒత్తాక వేలితో అక్కడక్కడా రంధ్రాలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెడతారు. తిరగేయరు. అడుగు నూనెలో వేగుతుంది, పైభాగం తన తడి ఆవిరిలోనే మగ్గుతుంది. విచిటాలో ఎవరూ సర్వపిండి తిని ఉండరు, మన అవ్వలు వైట్ క్యాజిల్ పేరు విని ఉండరు. అయినా పల్చటి బిళ్ల, రంధ్రం, మూత, ఉల్లి తడి అనే నాలుగింటినీ ఇద్దరూ విడివిడిగా కనిపెట్టారు. గారె నడుమ చిల్లు పెట్టేదీ లోపలి దాకా వేడి అందాలనే కదా. బిర్యానీ గిన్నెకు పిండితో మూత అతికించే ఊళ్లో దమ్ము గురించి ఎవరికి పాఠం చెప్పాలి? మినీ బర్గర్‌ను దమ్ బర్గర్ అన్నా తప్పులేదు. కాకపోతే ఆ పేరు పెడితే రేపే ఎవరో బోర్డు కట్టేస్తారు.

ఆవిరి సరిగ్గా పనిచేస్తే మయోనైజ్‌కు పనిలేదు. నా వాదనలో బరువైన భాగం ఇదే. మయోనైజ్ బన్ను పొడితనాన్ని కప్పడానికి వచ్చింది. ఉల్లి రసం ఇంకిన బన్నులో ఆ పొడితనమే ఉండదు. ఆ తెల్లటి పూత మన దగ్గర షవర్మాకూ, మోమోలకూ, మండీకీ కూడా అంటుకుంది. పచ్చి గుడ్డుతో చేసి గంటల తరబడి బయట ఉంచితే సాల్మొనెల్లా లాంటి క్రిములకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. హైదరాబాద్‌లో ఆహారం వికటించిన ఘటనల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డు మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని నిషేధించింది. గుడ్డు లేని మయోనైజ్‌కు ఆ అడ్డు లేకపోవడంతో బండ్ల మీద సీసాలు మాయం కాలేదు. సీసాలో ఉన్నది ఏ రకమో కొనేవాడు కనిపెట్టలేడు. 1921లో కీమా దగ్గర వచ్చిన ప్రశ్నే నూరేళ్లు దాటాక సాగర్ రోడ్డు మీద సీసా దగ్గర వచ్చింది. అప్పటి జవాబు కళ్లెదుట వండడం. వంటగది కన్నా కళ్లెదుట ఉండే చోటు ఏముంది?

చేసే తీరు చెప్పకుండా వాదన ఒక్కటే చెబితే ఆకలి తీరదు. పావుకిలో కీమాకు పది బిళ్లలు వస్తాయి. కీమా ఎదుట నిలబడి కొట్టించుకోవాలి, ఆ రోజే వాడాలి. ముక్క పైన ఉండే క్రిములు కీమా కొట్టగానే అంతటా కలిసిపోతాయి కాబట్టి లోపల పచ్చి మిగలకూడదు; చికెన్ అయితే నడిమధ్యన 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. అర సెంటీమీటరు మందం బిళ్లకు అది నిమిషాల పని, లావాటి బిళ్లకు పైన మాడి లోపల పచ్చిగా ఉండే గండం. చిన్న సైజు ముద్దుకోసం పెట్టింది కాదు, భద్రత కూడా అందులోనే ఉంది. కీమాను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య చపాతీ కర్రతో ఒత్తి, అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక చదరాలుగా కోసి, స్ట్రాతో ఐదేసి రంధ్రాలు పొడవాలి. ఉప్పు ముందే కీమాలో కలిపి పిసికితే బిళ్ల రబ్బరులా సాగుతుంది. పెనం మీద వేశాక పైన చల్లితే చాలు, మిరియాల పొడితో పాటు. అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేయాలని చెయ్యి లాగుతుంది. వేస్తే షికంపూరీ కబాబుకు చుట్టం తయారవుతుంది, బాగానే ఉంటుంది, కానీ ఉల్లి వాసన దాని కింద నలిగిపోతుంది. బన్నుల కోసం సూపర్ మార్కెట్‌లో వెతకనక్కర్లేదు. పావ్‌బాజీ కోసం బేకరీలో అమ్మే అతుకుల పావ్ చదరంగా, మెత్తగా, దాదాపు అదే కొలతలో ఉంటుంది. ఇక ఉల్లిగడ్డ సంగతి చెప్పాలా? దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో మలక్‌పేట ఉల్లి మార్కెట్ ఉండగా ఈ తట్టుకు ఉల్లి కరువు రాదు, ధర మండినప్పుడు తప్ప. రెండు పెద్ద గడ్డలు సన్నగా తరిగి పెనం మీద పరిచి, పావు గ్లాసు నీళ్లు పోసి, బుసబుసలాడగానే బిళ్లలు పేర్చి, వాటి మీద పావ్ అడుగు ముక్క, దాని మీద పై ముక్క పెట్టి మూత వేయాలి. ఐదారు నిమిషాలకు మూత తీసి, బిళ్ల నడుమ విరిచి చూస్తే ఎరుపు ఉండకూడదు. వెనిగర్‌లో అరగంట నానిన కీరా ముక్క ఒక్కటి పెడితే పని పూర్తి. ఆవకాయ మాత్రం వద్దు; అది ఎక్కడికి వెళ్లినా పెళ్లికొడుకులా కూర్చుంటుంది.

అసలు బర్గర్ గొడ్డు మాంసంది కదా, అది లేకుండా చేసి ఆ పేరు పెట్టుకోవడమేమిటని అడిగేవాళ్లుంటారు. కళ్యాణి బిర్యానీ తినే ఊళ్లో పెద్ద మాంసం దొరకకపోదు, తినే ఇళ్లలో దానితోనే చేసుకోవచ్చు. తినని ఇళ్లకు దారి మూసుకోలేదు. మెక్‌డొనాల్డ్స్ సైతం 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు బీఫ్ పక్కన పెట్టే వచ్చింది. మాంసం మార్చినప్పుడు మారేది కొవ్వు లెక్క. చికెన్ రొమ్ము కీమాలో కొవ్వు తక్కువ, ఆవిరిలో పీచులా బిరుసెక్కుతుంది. తొడ మాంసం తీసుకుని చెంచా వెన్న కలిపితే ఆ లోటు తీరుతుంది. మటన్ కీమాకు అదీ అక్కర్లేదు. శాకాహారులకు మాత్రం ఈ పద్ధతి పూర్తిగా కలిసిరాదని ఒప్పుకోవాలి. ఆలూ బిళ్లను ఉల్లి తడిలో ఉడికిస్తే ముద్దయిపోతుంది. దాన్ని విడిగా కాల్చి, బన్నులను మాత్రం ఉల్లి ఆవిరి మీద మగ్గబెట్టి కలపడమే మార్గం. సగం పద్ధతే, కానీ మయోనైజ్ అవసరం ఇక్కడా తప్పుతుంది.

ఇది మన తిండి కాదనే మాట ఇంకొకటి. పావ్ అనే పేరే పోర్చుగీసుది. మిర్చి బజ్జీలోని మిరప, ఆలూ బోండాలోని ఆలుగడ్డ సముద్రం దాటి వచ్చినవే. ఇరానీ హోటల్లో బన్ మస్కా చాయ్‌లో ముంచుకునే నగరం బన్నును పరాయిదంటే బన్ను నవ్వుతుంది. దీని మీద ఇంతకన్నా సిరా ఖర్చు దండగ.

మైదా మాట అలా కాదు, అది గట్టి అభ్యంతరం. ఇంట్లో చేసినంత మాత్రాన మైదా ముడి గోధుమపిండి అయిపోదు, పావ్‌లో పీచు మొలవదు. చిన్నవి గనుక తక్కువ తింటామన్నది కూడా నమ్మదగ్గ మాట కాదు. వైట్ క్యాజిల్ బర్గర్లను సంచుల లెక్కన అమ్మి బాగుపడింది. చిన్న సైజు చేతిని ఆపదు, లెక్క మరిపిస్తుంది. ఇంటి వంటకు ఉన్న మేలు వేరే చోట ఉంది. నూనెలో వేయించడం లేదు, మయోనైజ్ లేదు, పావుకిలో కీమా అయిపోతే వంట అయిపోయినట్టే. మనిషికి రెండో మూడో వస్తాయి. పక్కన కీరా, క్యారెట్ ముక్కలు పెడితే భోజనానికి దగ్గరగా వస్తుంది. వారంలో మూడు రోజులు చేసే వంటగా నేను దీన్ని సిఫారసు చేయను.

ఫోన్‌లో నొక్కితే అరగంటలో గుమ్మానికి వస్తుంటే ఈ తంటా ఎందుకు? ఎందుకంటే, ఈ ఒక్క వంటకు ప్రయాణం పడదు. వేయించిన బర్గర్ ఎల్బీనగర్ నుంచి స్కూటర్ మీద వచ్చినా ఎలాగో నిలబడుతుంది. ఆవిరి బన్నును డబ్బాలో మూస్తే దారంతా అది తన ఆవిరిలో తానే నానుతూ వస్తుంది, తుర్కయంజాల్ చేరేసరికి తడి గుడ్డలా ఉంటుంది. మూత తీసిన రెండు మూడు నిమిషాల్లో నోట్లోకి వెళ్లాల్సిన తిండి ఇది. పెనానికీ పళ్లేనికీ మధ్య నాలుగడుగులే ఉండాలంటే అది ఇల్లే కావాలి.

మిగిలింది రుచి తెలిసినవాళ్ల అభ్యంతరం. మాంసానికి రుచి ఎర్రగా కాలినప్పుడే వస్తుంది, అది 140 డిగ్రీలు దాటితే గానీ జరగదు, ఆవిరి వందకు మించదు, కాబట్టి ఇలా ఉడికిన బిళ్ల పాలిపోయి చప్పగా ఉంటుందంటారు. లెక్క నిజమే. మొదటి వాయికి ఆ లోటు కొంత ఉంటుంది కూడా. కానీ మొదటి వాయి తీశాక పెనం మీద ఉల్లి తరుగు కొంత మిగులుతుంది, నీరు ఇంకి అంచులు ఎర్రబడి అడుగున అంటుకుంటుంది. దాన్ని కడిగేయకూడదు. దాని మీదే కొత్త తరుగు వేసి, నీళ్లు చల్లి, అట్లకాడతో గీరి కలిపితే ఆ ఎరుపంతా నీటిలోకి దిగి గోధుమరంగు రసమవుతుంది. రెండో వాయి బిళ్లలు అందులో ఉడుకుతాయి. సర్వపిండికి రెండో వాయి ఒత్తాలంటే వేడి సర్వను నీళ్ల కింద చల్లార్చాలి, లేదా రెండో సర్వ ఉండాలి. ఇక్కడ పెనం వేడి మీద ఉండడమే మంచిది. మొదటి వాయి ఆకలి ఆగని పిల్లలకు పెట్టేసి, వండినవాళ్లు రెండో వాయి దాకా ఆగితే సరి.