తీగ తెగితే ఎవరిస్తారు?

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ స్టోర్ రూంలో ఒక కీబోర్డు ఉంది. రెండేళ్ల కింద సిటీ నుంచి దాతలు కొందరు వచ్చి ఇచ్చిపోయారు. ఫ్లెక్సీ కట్టారు, మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటో దిగారు, బిస్కెట్లు పంచారు. అడాప్టర్ మాత్రం మర్చిపోయారు. ఫోన్ చేస్తే మళ్లీ ఎత్తలేదు. అసలు మాలో కీబోర్డు వాయించేవాళ్లే లేరు. సరిగ్గా ఆ వారమే మా డోలు తోలు చిరిగింది. ఆగస్టు 9కి పక్కూరి డోలు అడుక్కొచ్చుకుని ఆడాం. మీకేం కావాలని ఆ రోజు ఎవరూ అడగలేదు. మేమూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ తప్పు మాది కూడా.

ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య మేం కొందరం పంక్ సంగీతం గురించి చదువుతున్నాం. పంక్ అనగానే మనకి నిలబెట్టిన జుట్టు, చిరిగిన ప్యాంటు గుర్తొస్తాయి. 1970ల నడుమ న్యూయార్క్, లండన్‌లలో పెద్ద కంపెనీలు, పెద్ద స్టేజీలు లేకుండా కుర్రాళ్లే మొదలుపెట్టిన పాట అది. రెండు మూడు కార్డులు వస్తే చాలు, నీ మాట నువ్వే పాడుకో అన్నారు. దేశాలు దాటి వాళ్లు ఒకళ్లకొకళ్లు నిలబడిన తీరు మాకు బాగా నచ్చింది.

క్యూబా సంగతి చూడండి. 1962 నుంచి ఆ దేశం మీద అమెరికా వాణిజ్య ఆంక్షలున్నాయి. మొదట్లో అక్కడి ప్రభుత్వానికి కూడా రాక్ అంటే శత్రువుల పాటే. నెల జీతం 20 డాలర్ల చుట్టుపక్కల ఉన్న రోజుల్లో గిటారు తీగ తెగితే కొత్తది కొనడం ఎట్లా? టెలిఫోన్ వైరు తీసి తీగలుగా బిగించుకున్నారని అక్కడి పాతవాళ్లు చెప్పుకుంటారు. అప్పుడు కెనడాలో సాలిడారిటీ రాక్ అనే బృందం మొదలైంది. అక్కడి బ్యాండ్లు క్యూబా టూరుకి పోయేటప్పుడు గిటార్లు, డ్రమ్ములు, తీగల ప్యాకెట్లు సామాన్లలో మోసుకుపోయాయి. క్యూబా కుర్రాళ్లతో కలిసి ఒకే స్టేజి మీద వాయించి, సామాను అక్కడే వదిలి వచ్చాయి. కథ అక్కడితో ఆగలేదు. ట్రినిడాడ్ అనే ఊరి అరాబియో లాంటి క్యూబా బ్యాండ్లు కెనడా పోయి వాయించాయి. అంటే ఇచ్చినవాళ్లు కూడా కింద కూర్చుని విన్నారన్నమాట. మా కీబోర్డు కథలో లేనిది ఇదే.

సామాను లేకుండా కూడా తోడు నిలబడొచ్చు. 2011 డిసెంబర్‌లో ఇండోనేషియాలోని ఆచే రాష్ట్రంలో ఒక పంక్ కచేరీ మీద పోలీసులు పడి అరవై మందికి పైగా పట్టుకుపోయారు. ఆడపిల్లలకు జుట్టు కత్తిరించారు, మగపిల్లలకు గుండు గీశారు, చెరువులో ముంచారు, మిమ్మల్ని బాగుచేస్తున్నాం అని పది రోజులు శిక్షణ ఇచ్చారు. వార్త తెలిసి వేరే దేశాల పంక్‌లు ఇండోనేషియా రాయబార కార్యాలయాల ముందు నిరసన చేశారు. మనల్ని కూడా బాగుచేస్తామని వచ్చేవాళ్లు ఎంతమంది! ఆ మాట వింటే మాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు అసలు మనవాళ్ల కథ. అమెరికాలోని అరిజోనాలో నవాహో తెగ ఉంది, తమని తాము దినే అని పిలుచుకుంటారు. 1974లో వచ్చిన ఒక చట్టం వల్ల వాళ్లలో వేలమంది సొంత నేల వదలాల్సి వచ్చింది. బ్లాక్ మెసా మీద 2019 వరకు బొగ్గు గనులు నడిచాయి. పవిత్రమైన కొండ మీద స్కీయింగ్ కోసం మురుగునీటిని శుద్ధి చేసి మంచుగా చల్లడం. పోలవరం ముంపు చూసిన మనకి ఇంతకంటే విడమర్చి చెప్పాలా? ఆ తెగలో బెనల్లీ కుటుంబానికి చెందిన ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్లు 1989లో బ్లాక్‌ఫైర్ అనే పంక్ బ్యాండ్ పెట్టారు. తండ్రి జోన్స్ బెనల్లీ సంప్రదాయ వైద్యుడు, పాటగాడు. పిల్లలు గిటారు పట్టినా తండ్రి పాట వదల్లేదు. రామోన్స్ బ్యాండ్ గాయకుడు జోయీ రామోన్ వాళ్ల ఆల్బంలో గొంతు కలిపాడు. 2003లో వాళ్లు ఆఫ్రికాలోని మాలి దేశానికి పోయి, టింబక్టు దగ్గర ఎడారిలో, టువారెగ్ జనం జరుపుకునే పండగలో పాడారు. ఒక ఎడారి ఆదివాసులు ఇంకో ఎడారి మనుషుల ముందు సొంత గొంతుతో పాడారు. నడుమ మంత్రి లేడు, ఫ్లెక్సీ లేదు.

మరి మనం? కోయ డోలు, గోండు గుస్సాడీ, అరకు థింసా, అన్నీ ఆగస్టు 9న ఒకే స్టేజి ఎక్కుతాయి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. పెద్దలు వస్తే స్వాగతం పలికి పక్కకి తప్పుకుంటాం. ఒకళ్ల ఊరికి ఒకళ్లు ఎప్పుడైనా పోయామా? ఉట్నూరు గోండు తమ్ముళ్లకి మా డోలు తోలు ఎట్లా బిగిస్తారో తెలియదు. వాళ్ల గుస్సాడీ టోపీలో నెమలి ఈకలు ఎట్లా కడతారో మాకూ తెలియదు. కెనడా నుంచి క్యూబా పోయినోళ్లున్నారు, మేం భద్రాచలం నుంచి ఉట్నూరు పోలేదు. సిగ్గుగానే ఉంది.

అందుకని మేం అనుకున్నవి రెండు. ఒకటి, ఈ సంక్రాంతి సెలవుల్లో పదిమందిమి బస్సు చార్జీలు సొంతంగా వేసుకుని ఉట్నూరు వైపు పోతాం. వాళ్ల ఇళ్లలోనే ఉండి, పెట్టింది తిని, కలిసి వాయించి వస్తాం. పోయేటప్పుడు ఒక డోలు తీసుకుపోయి అక్కడే వదిలేస్తాం, బిగించడం నేర్పించి మరీ. ఎండాకాలంలో వాళ్లు మా దగ్గరికి రావాలె. రెండు, ఇకమీద దాతలు ఎవరొచ్చినా ఫొటోకి ముందే ఒక మాట చెప్తాం: మాకు ఏం కావాలో మేం చెప్తాం, ఇచ్చాక ఒక రాత్రి ఉండి మా పాట వినండి. వినే ఓపిక లేనోళ్ల సామాను మాకొద్దు.

ఉట్నూరు వైపు వాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. డోలు మోసుకొచ్చే బాధ్యత మాది, పొయ్యి మీద గంజి పెట్టే బాధ్యత మీది. కీబోర్డు వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నా చెప్పండి, అడాప్టర్ కొనుక్కుంటే అది మీదే.

జై ఆదివాసీ.