నొక్కిన డబ్బా

హాకీ అనగానే మీకు పచ్చగడ్డీ, ధ్యాన్‌చందూ గుర్తొస్తారు. నేనాడింది ఆ హాకీ కాదు. కెనడాలో హాకీ అంటే మంచుగడ్డ మీద ఆట. కాళ్ళకి కత్తులు కట్టుకుని, చేత కర్ర పట్టుకుని, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న రబ్బరు బిళ్ళ వెంటపడడం. ఆ బిళ్ళ ఎగిరెగిరి పడకుండా ఆటకి ముందు దాన్ని కూడా ఫ్రీజర్లో పెడతారుట! వడియాలు ఎండబెట్టుకునే ఊరినుంచి వెళ్ళిన నాకు అన్నీ వింతలే.

సస్కాచెవాన్ రాష్ట్రంలో మూస్ జా అనే ఊరుంది. దుప్పి దవడ అన్నమాట. ఇంతకంటే మంచి పేరు దొరకలేదు కాబోలు. ఆ ఊళ్ళో 1959లో కట్టిన సివిక్ సెంటర్ అనే ఆటశాల ఉండేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని ‘నొక్కిన డబ్బా’ అనేవారు. దాని కప్పు రెండు పక్కలా పైకి లేచి నడుమ కిందికి దిగిపోయి ఉండేది, డాల్డా డబ్బా మీద ఏనుగు కాసేపు కూర్చుని లేచినట్టు. ఇటు పైవరసలో కూర్చుంటే అటు పైవరసవాళ్ళు కనిపించేవారు కాదు. 1984లో విన్నిపెగ్ నుంచి తరలివచ్చిన వారియర్స్ అనే కుర్రాళ్ళ జట్టుకి అదే ఇల్లు. అయిదడుగుల ఆరంగుళాల థియో ఫ్లూరీ ఆ జట్టులో ఆడే పైకొచ్చాడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్ళు ఊరికే అన్నారా!

ఆదివారం రాత్రిళ్ళు కుర్రాళ్ళ ఆట లేనప్పుడు మా ఆడవాళ్ళ జట్టుకి ఆ మంచు గంటసేపు అద్దెకిచ్చేవారు. 2005 నుంచి ఆరు చలికాలాలు ఆడాను. మొదటిసారి మంచు మీద అడుగుపెట్టిన రోజు ఎంత జాగ్రత్తగా నడిచానో, పెళ్ళిచూపులనాడు కూడా అంత జాగ్రత్తగా నడవలేదు.

బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద. తలుపు తీయగానే ముఖాన కొట్టేది వాసన. ముసురులో నాలుగు రోజులు ఆరని గుడ్డల కంపు, తోలు, పాప్‌కార్న్ అన్నీ కలిపిన వాసన. మొదట్లో ముక్కు మూసుకున్నదాన్నే, తర్వాత్తర్వాత వారం మధ్యలో కూడా ఆ వాసన జ్ఞాపకం వచ్చేది. చెక్కగోడకి బిళ్ళ తగిలితే ఇంటాయన కోపంగా తలుపేసినట్టు దబాలుమనేది. ఆ చప్పుడు కిందికి దిగిన కప్పుకి తగిలి మళ్ళీ మన నెత్తినే పడేది.

జాంబోనీ అని ఒక బండి ఉంటుంది. అది మంచు పైపొర గీరేసి వేడినీళ్ళు పరుచుకుంటూ పోతుంది. వేడినీళ్ళెందుకయ్యా అంటే, పాతమంచు కాస్త కరిగి కొత్తనీళ్ళతో కలిసి నున్నగా గడ్డకడుతుందిట. నాకు మాత్రం అది కళ్ళాపే. ఎర్రగీతలు, నీలంగీతలు, గుండ్రాలు అన్నీ మంచు లోపల ఉంటాయి. ముగ్గు ముందు, కళ్ళాపి తర్వాత!

ఆ కుర్రాళ్ళ సంగతి చెప్పాలి. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ వాళ్ళు. ఊరుకాని ఊరొచ్చి, ఎవరింట్లోనో ఉండి ఆడుకుంటారు. మన వారాలబ్బాయిలే అనుకోండి. అయితే వీళ్ళకి వారానికి ఏడిళ్ళుండవు, ఒకటే ఇల్లు. మా గోల్‌కీపరు ఇంట్లో అలాంటివాడొకడు రెండేళ్ళున్నాడు. గిన్నెడు కూర ఒక్కడే ఊడ్చేస్తాడని మురిసిపోతూ విసుక్కునేది. 2008 జనవరిలో ఒక సాయంత్రం ఫోనొచ్చింది, వాణ్ణి వేరే జట్టుకి మార్చేశారని. గంటలో సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉందిట. ఈ పద్ధతి నాకిప్పటికీ మింగుడుపడదు. పిల్లలేమైనా కొట్లో సరుకా?

ఆ ఆదివారం బట్టలు మార్చుకునే గదిలో కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుంటూ, “వాడి సబ్బు ఇంకా బాత్‌రూంలోనే ఉంది,” అంది. ఇంకేమీ అనలేదు. మేమూ అనలేదు.

ఫిబ్రవరిలో వాడు కొత్త జట్టుతో మా ఊరికే ఆటకొచ్చాడు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఆవిడ ఆ రోజు ఎక్కడా కనిపించలేదు. నేను పైవరసలో ఉన్నాను. మూడో భాగంలో వాడు మామీదే గోలు కొట్టాడు. హాలంతా నోరు పడిపోయింది. కప్పుకి అవతల, నాకు కనిపించని పైవరసలోంచి, ఒక్క గొంతు మాత్రం కెవ్వుమని కేరింత కొట్టింది. జనం తలలు తిప్పి చూశారు. మా పక్కవాళ్ళకి ఎవరో తెలియలేదు. నాకు తెలిసింది. వాడికీ తెలిసిందనుకుంటా, కర్ర ఆ వైపుకి ఎత్తాడు.

2011లో వారియర్స్ కొత్త హాలుకి వెళ్ళిపోయారు. 2012లో డబ్బాని కూలగొట్టేశారు. 2024లో జట్టు మొట్టమొదటిసారి వెస్టర్న్ హాకీ లీగు కప్పు గెలిచింది. కొత్త హాలు బాగుంటుంది, కాదనను. కుర్చీలు మెత్తగా ఉంటాయి, ఎవరికి ఎవరూ అడ్డం రారు. మా గోల్‌కీపరు మాత్రం పాత పిల్లలెవరైనా వేరే చొక్కా వేసుకుని ఆటకొస్తే కుర్చీలో కూర్చోదు. వెనకాల తలుపు పక్కన నిలబడే చూస్తుంది.