గొలగమూడి దారిలో రెండు కుర్చీలు

డిక్కీలో సగం గ్యాస్ సిలిండరే ఉంది. మిగిలిన సందులో, వెనకనుంచి వేరేవాళ్లు తోసే చిన్న చక్రాల ట్రాన్స్‌పోర్ట్ చెయిర్‌ని మడిచి తోస్తే పట్టింది. పెద్ద చక్రాల వీల్‌చెయిర్‌ని మాత్రం పైన క్యారియర్‌కి తాడేసి కట్టాల్సొచ్చింది. రెండూ అరువు తెచ్చినవే. ఏది కొనాలో దుకాణంలో తేలదు. అక్కడి నున్నటి గచ్చు మీద ఏ కుర్చీ అయినా పరుగులు తీస్తుంది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన మా పెద్దమ్మ గొలగమూడి వెంకయ్యస్వామి దగ్గరికి తీసుకుపొమ్మంటోంది. సరే, ఆ దారిలోనే తేల్చుకుందామని బయల్దేరాం. 1982లో స్వామి సమాధి అయ్యేనాటికే ఆమె ఆయన భక్తురాలు. శనివారమైతే జనం ఎక్కువని మంగళవారం పెట్టుకున్నాం.

వీల్‌చెయిర్ మా పక్కవీధి తాతది. అరవై దాటిన పేదవాళ్లకి కర్రలు, వాకర్లు, కళ్లద్దాలు, చక్రాల కుర్చీలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వచ్చింది. దేశం మొత్తానికీ ఆ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. తాత భారీ మనిషి. ఆ సీటులో పెద్దమ్మకి రెండు పక్కలా నాలుగేసి వేళ్లు పట్టేంత ఖాళీ. తుంటికి అటూ ఇటూ ఒక అంగుళం ఉంటే చాలు. అంతకు మించితే మనిషి ఒక పక్కకి వాలిపోతుంది.

గొలగమూడిలో ముందు చిన్న కుర్చీ దించాం. పది పన్నెండు కిలోలు, ఒంటిచేత్తో లేపేయొచ్చు. వెనక పిడులకే బ్రేకులున్నాయి కాబట్టి వాలులో తోసేవాడికి భయం లేదు. సిమెంటు మీద హాయిగా సాగింది. కంకర రాగానే ముందు చక్రాలు అడ్డం తిరిగి మొరాయించాయి. కుర్చీని వెనక్కి తిప్పి లాక్కుపోతే కానీ కదల్లేదు. పెద్దమ్మకి అది నచ్చలేదు. "ఏందిరా అబ్బయ్యా, స్వామికి వీపు చూపిస్తా పోవాల్నా?"

తిరుగుదారిలో వెంకటాచలంలో టీకి ఆగాం. ఈసారి పెద్ద కుర్చీ. ఇరవై నాలుగు అంగుళాల చక్రం కాబట్టి అదే రకం కంకర మీద పెద్దగా తడబడలేదు. పెద్దమ్మ కుడిచేత్తో చక్రం తోసింది. కుర్చీ గిర్రున ఎడమకి తిరిగింది. ఒక చేత్తో ఒక చక్రమే కదులుతుంది మరి. అప్పుడామె ఎవరూ చెప్పకుండానే కుడికాలు పాదాల పలక మీంచి తీసి నేలకి ఆనించబోయింది. మునివేళ్లు మాత్రమే అందాయి. అయినా ఆ కాస్త ఆనికతోనే కుర్చీ తిన్నగా నాలుగడుగులు సాగింది. టీ కొట్టాయన గ్లాసు పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

ఫిజియోథెరపీ వాళ్లకి ఇది తెలిసిన పద్ధతే. ఒక పక్క పడిపోయినవాళ్లు మంచిగా ఉన్న చెయ్యీ కాలూ కలిపి కుర్చీ నడుపుకుంటారు. దానికి సీటు ఎత్తు తగ్గాలి, మడమ నేలకి ఆనాలి. మెత్త వేస్తే ఎత్తు పెరుగుతుంది. వెయ్యకపోతే ఎక్కువసేపు కూర్చున్నచోట పుండ్లు పడతాయి. అందుకే మెత్త మీద కూర్చోబెట్టి కొలవాలి. బరువూ మడతా చూసుకునేది తోసేవాళ్లు. దుకాణంలో బేరమాడేదీ వాళ్లే గనక చిన్న చక్రాలదే ఇంటికొస్తుందని నా అనుమానం.

ఇంటికి రాగానే టేపు తీసి మెత్త మీద కూర్చోబెట్టి మోకాలి వెనకనుంచి మడమ దాకా కొలిచాం. ఆ ఎత్తుకి సరిపోయే పెద్ద చక్రాల కుర్చీ కావాలని ఆర్డరిచ్చాం. కారు ప్రయాణాలకి చిన్నది మళ్లీ అరువు అడగాల్సిందే.