ఇసుక మీద గుడ్డు

ఏప్రిల్ వచ్చేసరికి గౌతమి చిక్కిపోతుంది. పైన ధవళేశ్వరం దగ్గర నీళ్లన్నీ ఆనకట్ట పట్టేసుకుంటే, కపిలేశ్వరపురం రేవులో ఏరు ఓ పక్కకి ఒదిగి, నడుమ ఇసుక తిన్నెలు తేలతాయి. ఆ పొద్దున లంకకి వెళ్తూ వెళ్తూ పడవ ఆపించి, ఓ తిన్నె మీద దిగాను.

"అటేపెల్లకండి బాబూ, గుడ్లెట్టేసాయి" అన్నాడు పడవ పెద్దాయన.

వినలేదు. పది అడుగులు వేశానో లేదో నెత్తిమీద గాలి సర్రున చీలింది. బూడిదరంగు రెక్కలు, నల్లటి టోపీ, పసుపు ముక్కు, రెండు పాయల తోక. జుట్టుకి జానెడు పైన వంపు తిరిగి మళ్లీ ఆకాశంలోకి లేచిపోయింది. దాని వెనకే ఇంకోటి. ఆ పైన లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

పక్షుల పుస్తకాల్లో దీని పేరు రివర్ టెర్న్. సముద్రపు పిట్టల వంశమే. వీళ్ల చుట్టం ఆర్కిటిక్ టెర్న్ ఏటా ఉత్తర ధ్రువపు కొసనుంచి దక్షిణ ధ్రువపు మంచుదాకా పోయి వస్తుంది. ఇదేమో దిగువన సముద్రం ఉన్నా ఏటినే నమ్ముకుంది.

చేపకోసం ఎగిరేటప్పుడు దీని తీరే వేరు. ముక్కు కిందికి వాల్చి, నీళ్లమీద ఓ చోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా పడుతుంది. గుడ్ల దగ్గర ఆ నెమ్మది లేదు. మనం దగ్గరయ్యేకొద్దీ అరుపు హెచ్చుతుంది, దూకుడు పొట్టిదవుతుంది. దాచిన వస్తువు వెతికే ఆటలో పిల్లలు చప్పట్ల జోరు పెంచుతారే, అచ్చం అలా. గుడ్లు కాపాడాలని పాపం అంత గొడవ చేసి, వాటి అడ్రసు తనే చెప్పేస్తుంది!

అరుపు మరీ మీదికొచ్చాక కాలెత్తబోయి కిందికి చూశాను. చెప్పుకి బెత్తెడు దూరంలో మూడు గుడ్లు. గూడన్నది లేదు, పుల్ల లేదు, పీచు లేదు. పొట్టతో నొక్కిన ఇసుక గుంట, అంతే. ఇసుకరంగు పెంకు మీద గోధుమ మచ్చలు. అరుపే లేకపోతే తొక్కేసేవాణ్ణి. నా అడుగుజాడల్లోనే అడుగులేస్తూ వెనక్కొచ్చాను. కుక్కలకీ కాకులకీ ట్రాక్టరు చక్రాలకీ ఈ జాగ్రత్త ఉండదు. ఎగువనుంచి ఉన్నట్టుండి వదిలే నీళ్లకి అసలే ఉండదు. రివర్ టెర్న్‌ని ముప్పున్న పక్షుల జాబితాలోకి ఎక్కించారంటే వింతేముంది? చలికాలంలో కాకినాడ తీరానికి వచ్చే స్కిమ్మర్ పిట్టలదీ ఇదే కష్టం. అవి చంబల్, మహానది తిన్నెల మీద గుడ్లు పెడతాయి.

పడవ నీడన కూర్చుని చూస్తూ ఉన్నాను. ఎండ మండుతోంది, ఇసుక మీద అరచెయ్యి ఆనించలేకపోయాను. తల్లో తండ్రో తెలీదు, ఒక పిట్ట ఏటిమీదికి వాలి, పొట్ట నీళ్లలో ముంచి లేచింది. సూటిగా వచ్చి, ఈకల్లోంచి చుక్కలు రాలుతుండగానే గుడ్లమీద కూర్చుంది. పైన అరుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

పెద్దాయన గెడ అందుకున్నాడు. ఈసారి నన్నడక్కుండా, తిన్నెకి దూరంగా చుట్టు తిప్పి పోనిచ్చాడు.