మామతో ఫ్రిట్జ్ లాంగ్ సినిమాలు

మొన్న సంక్రాంతికి ఫ్రిట్జ్ లాంగ్ సినిమాలు దొరికినన్ని హార్డ్ డిస్కులో నింపుకుని మార్కాపురం వెళ్ళాను. వియన్నాలో పుట్టి, బెర్లిన్లో పేరు తెచ్చుకుని, 1933లో హిట్లర్ వచ్చాక దేశం వదిలిన డైరెక్టరు. (పండక్కి జర్మన్ సినిమాలేంటండీ అని మా ఆవిడ సణుగుడు.) తోడు దొరికింది మా మేనమామ. ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు. రంపం మోతకి చెవులు పోయాయి, దుమ్ముకి దగ్గు పట్టుకుంది. మూకీ అయితే ఇబ్బంది ఉండదని 'మెట్రోపొలిస్' పెట్టి, కార్డుల మీద రాసింది గట్టిగా తెలుగులో చెబుతూ కూర్చున్నా.

1927 నాటి సినిమా. విడుదలయ్యాక బాగా కత్తిరించేశారు. పోయిందనుకున్న 25 నిమిషాల దాకా 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికితే, 2010లో అతికించి మళ్ళీ చూపించారు. పైన మేడల్లో దొరలు, నేల కింద కార్మికులు. షిఫ్టు మారేటప్పుడు తలలొంచుకుని నడిచే ఆ వరసలు చూస్తే నైట్ షిఫ్టుకి క్యాబ్ దిగే మనమే గుర్తొస్తామని ఆఫీసులో చాలాసార్లు గొప్పగా చెప్పాను. మామ పక్కన కూర్చుని ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఓనరు కొడుకు ఒక కార్మికుడి బదులు గడియారం లాంటి యంత్రం ముళ్ళు పట్టుకుని వేళ్ళాడే సీను వచ్చింది. మామ ముందుకు వంగాడు.

"ఏందల్లుడూ, ఇంత ఫ్యాక్టరీలో దుమ్ము లేదే?"

నిజమే. ఆవిరి ఉంది, పేలుడు ఉంది, యంత్రం రాక్షసుడి నోరై మనుషుల్ని మింగడం ఉంది. దుమ్ము లేదు. నాలుగైదుసార్లు చూసినా నాకు తట్టలేదు. లాంగ్ తీసిన ప్రమాదం నిమిషంలో అయిపోతుంది. మామది రోజుకింత చొప్పున లోపలికి పోయింది.

చివర్లో ఓనరూ మేస్త్రీ చేతులు కలుపుతారు. తలకీ చేతులకీ రాజీ కుదిర్చేది మనసేనని నీతి.

"కూలి పెంచారా మరి?"

అది చెప్పలేదన్నాను. ఆ ముగింపు ఉత్త కట్టుకథేనని లాంగే తర్వాత ఒప్పుకున్నాడు లెండి.

ఉదయపూర్‌లో షూటింగ్ చేసిన 1959 నాటి రెండు సినిమాలు మాత్రం పది నిమిషాలకే ఆపేశాం. ఆ రాత్రి 'ఎం' (1931) పెట్టాను. లాంగ్ మొదటి టాకీ, నా లెక్కలో అన్నిటికన్నా గొప్పది. చెవులు వినపడని మనిషికి టాకీ పెట్టడం నా తెలివితక్కువ. పిల్లల్ని చంపేవాణ్ణి బెలూన్లమ్మే కళ్ళులేని ముసలాయన ఈలని బట్టి గుర్తుపడతాడు.

"వాణ్ణి ఎట్టా కనుక్కున్నారు?" అన్నాడు మామ.

హంతకుడి వేషం వేసిన పీటర్ లోరీకి ఈల వేయడం రాకపోతే లాంగే వేశాడంట. నేనూ మామకి ఎదురుగా కూర్చుని అదే ఈల వేసి చూపించాను. ఆయన నా నోటి వంకే చూస్తూ, "ఇప్పుడు వేస్తన్నావా?" అన్నాడు.