నీటి కింద ఊళ్లు

సూరత్ నగరానికి ఆగ్నేయంగా, కడోదరా వైపు సాగే రహదారి మీద ఉన్న కూడలి పర్వత్ పాటియా. గుజరాతీలో పాటియా అంటే పలక. పెద్ద దారి నుండి ఊరి దారి చీలే చోట పేరు రాసి నిలిపే పలక వల్ల ఆ చోటికే పాటియా అన్న పేరు స్థిరపడుతుంది. ఇక్కడి పలక చూపిన పర్వత్ గ్రామం ఏనాడో మహానగరంలో లీనమైంది. పొలాలు పోయి మరమగ్గాల శాలలు, వస్త్ర విపణులు, ఇరుకు వీధులు వెలిశాయి. ఇక్కడి నుండి లింబాయత్, ఉధ్నాల వరకు పరచుకున్న కార్మికవాడలలో మరాఠీ, హిందీ, ఒడియాలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి నేతపనిని వెదుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ వాడలలో నివసిస్తున్నాయి.

ఈ వాడలకు నీటితో ఉన్న పరిచయం విహారానికి సంబంధించినది కాదు. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టిన తపతి 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, సూరత్ దాటగానే సముద్రంలో కలుస్తుంది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట పూర్తి నీటిమట్టం 345 అడుగులు. వానాకాలంలో ఆ అంకె నగరవాసులకు కంఠస్థం. 2006 ఆగస్టులో జలాశయం నుండి వదిలిన వరదకు నగరంలో అధికభాగం మునిగింది. నది పొంగని ఏళ్లలో సైతం మీఠీ ఖాడీ వంటి వాగులు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వీధులను ముంచుతుంటాయి. పడవ అనగానే ఇక్కడి పిల్లలకు గుర్తుకు వచ్చేది సహాయ బృందాలు వీధిలోకి తెచ్చే రబ్బరు పడవ.

అటువంటి వీధిలో నాలుగు దశాబ్దాలు కాపురం చేసిన దంపతులు, పని విరమించిన తరువాత, నీటి మీద ప్రయాణం చేయాలని నిశ్చయించుకోవడం ఇరుగుపొరుగుకు వింతగా తోచింది. ఆయన రోజుకు పన్నెండు గంటలు సాంచాల మీద పనిచేశారు. ఆమె చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తూ, రాళ్లు అతికిస్తూ బిడ్డలను పెంచారు. సాంచాల మోతలో ఆయనకు వినికిడి మందగించింది. సూదిమొన పనిలో ఆమెకు చూపు తగ్గింది. ఆయన చూసి చెప్పాలి, ఆమె విని చెప్పాలి. ఇద్దరూ కలిస్తేనే ఒక ప్రయాణికుడు.

వారి సంకల్పానికి కారణం ఉంది. సిరిసిల్ల ప్రాంతంలో ఆయన పుట్టిన ఊరు, మానేరు నది మీద మన్వాడ వద్ద నిర్మించిన మధ్య మానేరు జలాశయంలో మునిగిపోయింది. ఊరు ఖాళీ అయిన నాడు ఆయన సూరత్‌లో సాంచా ముందు నిలబడి ఉన్నారు. ఇల్లు అన్నగారి పేర ఉండేది కనుక పరిహారంలో ఆయన పాలు అడగలేదు. ఆయనను కలవరపరచినది వేరొకటి. సెలవులకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే సాటి నేతగాళ్లు "ఊరికి పోతున్నం" అంటారు. ఆ మాట ఆయన నోట రావడం మానేసింది. ఆ ఊరికి ఇక బస్సు పోదని, పోతే పడవే పోవాలని ఎవరో అన్నది మనసులో నాటుకుంది. ఆ పడవ ఎక్కి తీరతానని ఆయన పట్టుబట్టారు. ఆమె ఒక నియమం పెట్టారు.

"ఒక్కసారే ఆ నీళ్లమీదికి పోతే నీ గుండె ఆగుతదయ్యా. ముందుగాల వేరే నీళ్లు చూద్దాం."

తెలుగువారి యాత్రలలో నీటిదారికి పాత స్థానమే ఉంది. 1830 మే 18న చెన్నపట్టణం నుండి సపరివారంగా బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య, గంగ మీద పడవలలో సాగిన ప్రయాణాన్ని కూడా 'కాశీయాత్ర చరిత్ర'లో నమోదు చేశారు. గోదావరి, కృష్ణా కాలువలు బకింగ్‌హామ్ కాలువతో కలిసి కాకినాడ నుండి చెన్నపట్టణం దాకా సరకుల పడవలను నడిపిన కాలం ఒకటి ఉండేది. 2016 నాటి చట్టం దేశంలో 111 జాతీయ జలమార్గాలను గుర్తించింది. వాటిలో తపతి ఒకటి. అయితే వీరాస్వామయ్య పడవ సాగినది పారే నీటి మీద. ఈ దంపతుల పడవ సాగినది ఎక్కువగా నిలిపిన నీటి మీద. ఆ భేదం వారికి తొలి మజిలీలోనే బోధపడింది.

తొలి మజిలీ ఉకాయ్. సూరత్ నుండి ఒక పూట ప్రయాణం. చేపలు పట్టే ఆదివాసీ ఒకరు వారిని తన పడవలో తిప్పారు. జలాశయం నడుమ తెడ్డు ఆపి, తన తాతలనాటి ఊరు ఇక్కడే ఉండేదని నీటిని చూపారు. ఆమె ఆ మాటను భర్త చెవిలో గట్టిగా చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాలుగు దశాబ్దాలు తాను తాగిన నీరు ఈ కట్ట వెనుక నుండి వచ్చినదే. ఇక్కడి జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 300 మెగావాట్లు. సూరత్ సాంచాలను తిప్పిన కరెంటులో దాని పాలూ ఉంది. తన ఊరు మునిగిందని శోకించిన మనిషికి, తన అన్నం సైతం మరొకరి ఊరు మునిగిన చోట ఉడికిందని ఆ నీటి మీద తెలిసింది.

రెండవ మజిలీ కృష్ణ. నాగార్జునసాగర్ నుండి శ్రీశైలం దిగువన ఉన్న లింగాలగట్టు దాకా, నల్లమల కొండల నడుమ, లాంచీ మీద దాదాపు 110 కిలోమీటర్లు. బయలుదేరే ముందు వారు నాగార్జునకొండకు వెళ్లారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లిన లోయ మునుగుతుందని తెలిసి 1954–60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీద, ఆవలి గట్టున అనుపు వద్ద తిరిగి నిలిపారు. ఆ కొండ నేడు ద్వీపం. ఆయన ఫలకాలు చదివి వినిపిస్తుంటే ఆమె అడిగారు.

"రాజుల రాళ్లను మోసుకచ్చిన్రు, మంచిదే. మన గడపరాయిని ఎవలు మోసుకొస్తరు?"

ఆ ప్రశ్నలో ఆక్షేపణ లేదు. గడపకు ఏటా పసుపు రాసిన చేతులు అడిగిన ప్రశ్న అది.

మూడవ మజిలీ గోదావరి. గండిపోశమ్మ గుడి వద్ద లాంచీ ఎక్కి పాపికొండల నడుమ పేరంటాలపల్లి వరకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగి పలువురు మరణించిన తరువాత ఈ దారిలో పడవలు చాలాకాలం ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు తనిఖీలు పెరిగాయి. రక్షణ కవచం తొడిగిన భార్యను చూసి, మగ్గానికి ఎక్కించిన బీములా ఉన్నావని ఆయన నవ్వారు. దేవీపట్నం సమీపంలో ఆ నవ్వు ఆగింది. పోలవరం నిర్మాణం వల్ల వెనుకకు తన్నే నీటికి మనుషులు విడిచిన ఇళ్లు ఒడ్డున తలుపులు లేకుండా నిలిచి ఉన్నాయి. ఉకాయ్ వద్ద చూసినది మునిగిన ఊరి జ్ఞాపకం. ఇక్కడ చూసినది మునకకు ఎదురుచూసే ఊరు.

మరుసటి వేసవిలో ఆమె స్వయంగా అన్నారు: "ఇగ పోదాం."

నవజీవన్ బండి మంచిర్యాల దాటి గోదావరి వంతెన ఎక్కినప్పుడు ఇద్దరూ నదిలో నాణేలు వేశారు. మధ్య మానేరులో నీరు తగ్గి మొండిగోడలు బయటపడే రోజులవి. చేపలు పట్టే యువకుడు "బాపూ, అవ్వా, మెల్లగ కూసోండ్రి" అంటూ పడవలో కూర్చోబెట్టాడు. ఊరి ఆనవాళ్లు ఆయన ఒక్కొక్కటిగా చెబుతుంటే పడవ అటే తిరిగింది: గుడి గోపురం కొస, ఎండిన చింతమాను, నీళ్లట్యాంకు స్తంభాలు. ఇంటి చోటు అంచనాకు అందింది గాని కంటికి అందలేదు. అక్కడ నీరు ఇంకా నిలువు లోతు ఉంది.

ఆయన సంచిలో నుండి తండ్రిగారి నాడెను తీశారు. సాంచాలు రాకముందు ఆ ఇంటి గుంట మగ్గం మీద పడుగు నడుమ పేకను నడిపిన కొయ్య నాడె అది. దానిని అక్కడ విడిచిపెట్టాలని సూరత్ నుండి మోసుకువచ్చారు. ఆమె చేయి పట్టుకున్నారు.

"గంగలేస్తే ఏమొస్తది? మనుమనికి సూపియ్యి. ఊరు ఏదంటే చెప్పనీకి మనకాడ ఇది ఒక్కటన్న ఉండాలె."

ఆయన కాసేపు ఆ నాడెను నీటిలో తడిపి, తుడిచి, సంచిలో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం పునరావాస కాలనీలో అన్నగారి కొడుకు ఇంట బస చేశారు. తిన్నని వీధులు, ఒకే కొలత స్థలాలు. కాలనీకి పాత ఊరి పేరే ఉంది. పాత ఊళ్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు ఇక్కడ నాలుగు వీధుల దూరాన పడ్డాయి. అయినా కబురు అంది రాత్రికి వాకిలి నిండింది. ఎవరి మగ్గం ఎక్కడ ఉండేదో, ఏ బావి నీళ్లు తీయనో చెప్పుకుంటూ వారు తెల్లవార్లూ ఊరిని మళ్లీ నేశారు.

ఆనకట్ట వద్దని ఆ రాత్రి ఎవరూ అనలేదు. నీరు పారిన మడి విలువ ఆ నేల వారికి తెలుసు. తెలియవలసినది ఆ నీటిని వాడుకునేవారికి. కుళాయి తిప్పే చేతికి, మీట నొక్కే చేతికి, దాని వెనుక ఒక ఊరు ఉందన్న ఎరుక కలిగితే విడిచి వచ్చినవారి త్యాగానికి కనీసం ఒక సాక్షి దొరుకుతాడు. ఈ దంపతుల దీర్ఘయానం వారికి ఇచ్చినది ఆ సాక్షిత్వం.

పర్వత్ పాటియాలో వానాకాలం మళ్లీ వస్తుంది. ఉకాయ్ మట్టం 345 అడుగులకు ఎంత దిగువన ఉందో పత్రికలో చూసి చెప్పమని వీధివారు ఆయననే అడుగుతారు. ఆయన అంకె చదివి చెబుతారు. వారు ఆ అంకెలో తమ ఇంటికి ఎంత గండం ఉందో లెక్కిస్తారు. ఆయన మాత్రం ఆ పూట తెడ్డు ఆపి చూపిన ఊరి మీద ఎంత నీరు నిలిచిందో లెక్కిస్తారు.